ఒక్క వారానికని పెట్టిన గ్రూపు

ముందే చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. నాకు కోతలు కోసే అలవాటుంది. నేను చూసిన పాము ఎప్పుడూ తాచుపామే. నాకొచ్చిన జ్వరం ఎప్పుడూ నూటనాలుగే. నేను ఇరుక్కున్న ట్రాఫిక్ మేముండే వర్జీనియా రాష్ట్రం పుట్టాక ఎన్నడూ లేనిదే. మా ఆవిడ లలిత ఈ జబ్బుకి పెళ్ళైన కొత్తలోనే మందు కనిపెట్టింది. నేను ఏ సంఖ్య చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. నలభై మంది భోజనానికి వస్తున్నారని చెబితే పదిమందికి బియ్యం కడుగుతుంది. ఇంతవరకూ మా ఇంట్లో అన్నం తక్కువ పడలేదు.

చదివేవాళ్ళు కూడా అదే లెక్క పాటించండి. ఒక్క సంఖ్యకి మాత్రం మినహాయింపు. అది వచ్చినప్పుడు చెబుతాను. ఇక అచ్చంగా కల్పించిన ముక్క కూడా ఒకటుంది. అదేదో ఆఖర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే అది వదిలేసి చదువుతారు.

ఇదంతా రాయమన్నది ఆద్య. నాతో పనిచేసిన కల్పన కూతురు. చిన్నప్పుడు మా ఇంటి కార్పెట్ మీద ద్రాక్షరసం ఒలకబోసిన పిల్ల, మొన్న ఫోన్ చేసింది.

"మూర్తి అంకుల్! నాకు జాబ్ వచ్చింది. గెస్ వాట్, సేమ్ మీ జాబ్! రీసెర్చ్ డేటాకి యాక్సెస్ ఇవ్వడం. టిప్స్ చెప్పండి."

"పారిపో."

"అంకుల్, సీరియస్‌గా! మమ్మీ చెప్పింది, మీరు అప్పుడు మీటింగ్‌లో అందరి ముందు స్టాండప్ చేశారంట. నాకు ఆ స్టోరీ కావాలి. ఫుల్‌గా."

"సరే, రాసి పంపిస్తా."

"ఇంగ్లీష్‌లో కదా?"

"తెలుగులో."

"అంకుల్! నాకు చదవడం రాదు కదా!"

"మీ అమ్మకి వచ్చుగా. చదివి వినిపిస్తుందిలే."

అదీ సంగతి. కాబట్టి ఇది ఆద్య కోసం, ఆద్యలాగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. వచ్చిందే ఒక్కటి, అది కూడా నా పేరులాంటి పేరున్న మరొకాయనకి రావలసిందని నా అనుమానం.

తాళాల డిపార్ట్‌మెంటు

2001లో నేను బెంచి మీద ఉన్నాను. బెంచి అంటే పార్కులోది కాదు. ప్రాజెక్టు దొరకని మనిషిని కన్సల్టెన్సీవాళ్ళు కూర్చోబెట్టే చోటు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న Y2K భయానికి విమానాల్లో దిగినవాళ్ళం, ప్రపంచం మునిగిపోకపోవడంతో మేం మునిగిపోయాం. షాంటిలీలో ఒక అపార్ట్‌మెంట్లో పద్దెనిమిది మందిమి ఉండేవాళ్ళం. (భాగించండి.) అప్పుడు దగ్గర్లోని ఒక పరిశోధన సంస్థ నుంచి పిలుపొచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల మీద పనిచేసే సంస్థ అది. నాలుగైదు యూనివర్సిటీలు తమ దగ్గరున్న డేటా తెచ్చి అక్కడ ఒకే చోట పెడతాయి, అందరూ కలిసి వాడుకుంటారు.

ఇంటర్వ్యూ చేసినాయన డైరెక్టరు, డాక్టర్ హాల్. "పర్మిషన్ల గురించి నీకేం తెలుసు?" అని అడిగాడు. "ఉమ్మడి కుటుంబంలో పెరిగాను సార్. పర్మిషన్ లేకుండా సైకిల్ కూడా తొక్కలేదు" అన్నాను. నవ్వి ఉద్యోగం ఇచ్చేశాడు. ఆ నవ్వుకి ఇద్దరమూ తర్వాత పశ్చాత్తాపపడ్డాం.

పని చెప్పుకోవడానికి తేలిక. ఒక పెద్ద ఇల్లు ఉంది, దాన్నిండా గదులున్నాయి, ప్రతి గదిలోనూ ఫైళ్ళు. ఏ గదిలోకి ఎవరు రావచ్చు, వచ్చినవాళ్ళు చూసి పోవాలా, మార్పులు కూడా చేయవచ్చా, ఇవి చూసుకోవాలి. ఒక్కొక్కరికి విడివిడిగా తాళం చెవి ఇస్తూ కూర్చుంటే జుట్టు ఊడిపోతుంది. (నాకు ఎలాగూ ఊడింది.) అందుకని మనుషుల్ని గ్రూపులుగా కట్టి, గదిని గ్రూపుకి ఇస్తాం. గ్రూపులో పేరుంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. అంతే. ఇంత తేలికైన పనిలో పద్నాలుగేళ్ళపాటు తప్పులు చేయగలగడానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి.

ఇంట్లో ఈ ఉద్యోగం ఎవరికీ అర్థం కాలేదు. లలిత వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్యగారు, ఆరు నెలలకని రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు "అబ్బాయి ఏం చేస్తాడే?" అని అడిగితే, లలిత కూర తరుగుతూ "ఎవరికి ఏ తాళం ఇవ్వాలో చూసుకుంటారమ్మా" అంది. సాయంత్రం పార్కులో నడకకి వచ్చే తోటి పెద్దవాళ్ళందరితో అత్తయ్యగారు "మా అల్లుడిది తాళాల డిపార్ట్‌మెంటు" అని చెప్పేశారు. వారం తిరక్కుండా ఒక పెద్దాయన తన గరాజ్ తలుపు పడటం లేదని మా ఇంటికొచ్చాడు. వెళ్ళి బాగుచేశాను. ఉద్యోగంలో నేను సాధించిన తొలి విజయం అదే.

హాల్ గారి మౌసు

కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట: తాళం పనిని బట్టి ఇవ్వండి, పదవిని బట్టి కాదు.

డాక్టర్ హాల్ గొప్ప శాస్త్రవేత్త. మనుషుల కణాల్లో ఏం జరుగుతోందో ఆయనకి తెలుసు. తన కంప్యూటర్లో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. చేరిన నెలలోనే నన్ను పిలిచి, అన్ని గదులకీ అన్ని అధికారాలూ తనకి కావాలన్నాడు. ఎందుకని అడగాలి. నేను అడగలేదు. నా వీసా కాగితాల మీద సంతకం ఆయనదే మరి. ఇచ్చేశాను. మర్నాడు మౌసు చెయ్యి జారి, ఒక యూనివర్సిటీవాళ్ళ ఫోల్డరు మొత్తం తీసుకెళ్ళి మరో ఫోల్డర్లో పడేశాడు. పడేసిన సంగతి ఆయనకే తెలియదు. మధ్యాహ్నానికి డేటా మాయమైందని ఆ యూనివర్సిటీవాళ్ళు గగ్గోలు పెట్టారు. "హ్యాకర్లు!" అని మొదట అరిచింది హాల్ గారే. ఆరుగురు ఇంజినీర్లు కలిసి సాయంత్రానికి దాన్ని పట్టుకున్నారు. ఆయన సెలవు ఫోటోల పక్కనే, క్షేమంగా ఉంది.

అడిగింది ఆయన, ఇచ్చింది నేను. బాసుకి కాదని చెప్పడం మనవాళ్ళకి చిన్నప్పుడే నేర్పాలి. ఎ, బి, సి, డిల కంటే ముందు.

క్యారెట్ల పెగ్గీ

నా పై అధికారి పెగ్గీ. పరిశోధనలో పాల్గొన్న కుటుంబాలకి సంస్థ ఇచ్చిన మాటలన్నీ నిలబడుతున్నాయా లేదా అని చూడటం ఆవిడ పని. సన్నగా, పొడుగ్గా, పూర్వం స్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిలా ఉండేది. నిజంగానే లెక్కలు చెప్పిందట. ఏ మీటింగుకి వచ్చినా ఒక ప్లాస్టిక్ సంచిలో చిన్న క్యారెట్లు తెచ్చుకుని కటుక్కు కటుక్కుమని నమిలేది. మనం తప్పు మాట్లాడినప్పుడు నమలడం ఆపేది. ఆ నిశ్శబ్దం కన్నా భయంకరమైనది నేను ఈ దేశంలో వినలేదు.

నాలాంటి కోతలమనిషికి ఆవిడ శనిగ్రహం.

"పెగ్గీ, బోలెడు రిక్వెస్టులు వచ్చి పడ్డాయి."

"ఎన్ని?"

"వందలకొద్దీ..."

"సంఖ్య చెప్పు, మర్టీ."

"పదకొండు."

నా పేరు మూర్తి అని పద్నాలుగేళ్ళు చెప్పాను. పద్నాలుగేళ్ళు మర్టీగానే ఉన్నాను. అమెరికాలో నేను చేసిన ఏకైక రాజీ ఇది కాదు, కానీ ఎక్కువకాలం సాగింది ఇదే.

టెంప్

ఇక అసలు కథ. కుటుంబాల ఫోల్డరు అని ఒకటుండేది. ఒక అరుదైన జబ్బున్న కుటుంబాల పేర్లు, పిల్లల వివరాలు, ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరికి రావచ్చు, అన్నీ అందులోనే. ఆ కుటుంబాలు సంతకాలు చేసేటప్పుడు సంస్థ మాట ఇచ్చింది, మీ వివరాలు తొమ్మిదిమంది తప్ప ఎవరూ చూడరు అని. ఆ తొమ్మిదిమందికీ ఒక గ్రూపు. అందులో పదో పేరు చేర్చాలంటే పెగ్గీ సంతకం కావాలి. తాళం మహా గట్టిది.

దీనితో సంబంధమే లేకుండా, ఒకసారి బయటి నుంచి ఆరుగురు పరిశోధకులు వారంరోజుల వర్క్‌షాపుకని వచ్చారు. వాళ్ళు చూడాల్సింది సారాంశాల ఫోల్డరు. అందులో పేర్లుండవు, రహస్యమూ ఉండదు. కానీ ఫారాలు నింపి అనుమతి తెచ్చుకోవాలంటే పదిరోజులు. వచ్చింది వారానికి! నేను జాలిపడి "టెంప్" అని, అంటే తాత్కాలికమని, ఒక గ్రూపు పెట్టి, ఆరుగురినీ అందులో వేసి, సారాంశాలు తెరిచిచ్చాను. "ఒక్క వారం మాత్రమే" అని పక్కన రాసుకున్నాను కూడా.

వారం అయింది. వాళ్ళు వెళ్ళిపోయారు. టెంప్ ఉండిపోయింది. ఆరేళ్ళు ఉండిపోయింది.

ఈ పనిలో ఒక ప్రకృతి ధర్మం ఉంది. లోపలికి రానివ్వమని వెయ్యి ఈమెయిళ్ళు వస్తాయి. నేను వెళ్ళిపోతున్నాను, నా పేరు తీసెయ్యండి అని ఒక్కటీ రాదు. నేను చూసిన పద్నాలుగేళ్ళలో రాలేదు. (ఇది భాగించినా సున్నాయే.)

టెంప్ మంచి పనివాడిలా తయారైంది. ఎవరికి తొందరున్నా అందులో వేసేవాణ్ణి. ప్రింటరు బాగుచేయడానికి వచ్చినతను ఏదో ఫైలు ప్రింటు తీసి చూడాలంటే, అతన్నీ వేశాను. ఒక శనివారం షాంటిలీలో ఇండియన్ స్టోర్లో కరివేపాకు ఏరుకుంటుంటే, వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. యాదగిరి. మాతో కలిసి పనిచేసే ఒక యూనివర్సిటీలో డేటా చూసేవాడు. వరంగల్ మనిషి.

"అన్నా, మంచిగున్నవా? జర ఒక్క పని చేసి పెట్టవే. మావోళ్ళకు గా సమ్మరీలు చూపియ్యాలె. ఫామ్ నింపితే పది రోజులైతదంటున్రు."

"ఎంతమందిరా?"

"ఏడుగురో ఎనిమిదిమందో ఉంటరు. మా ల్యాబ్ గ్రూప్ ఉన్నది గదా అన్నా, అది అట్లనే పట్టుకపొయ్యి నీ గ్రూప్‌ల పెట్టెయ్. అయిపోతది."

సోమవారం పొద్దున అట్లనే పట్టుకుపోయి పెట్టేశాను. గ్రూపులో గ్రూపు. తేలిగ్గా ఉంటుంది, ఒకటే క్లిక్కు.

ఇక్కడ మనవాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఒకటుంది, దాన్ని విప్పి చెప్పాలి. మన శుభలేఖ మీద ఏం వేస్తాం? సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయమని వేస్తాం. అమెరికావాడు పెళ్ళికి పిలిస్తే కార్డు మీద ఇద్దరి పేర్లుంటాయి, ఇద్దరే వస్తారు, ఇద్దరికే కుర్చీలుంటాయి. మనం కుటుంబాన్ని పిలుస్తాం. ఆ కుటుంబంలో ఎందరున్నారో, వాళ్ళింటికి ఆ వేళ ఏ చుట్టాలు వచ్చారో, వాళ్ళని వెంటబెట్టుకొస్తారో లేదో మనం అడగం. అడిగితే మర్యాద కాదు. పెళ్ళిలో దీనివల్ల పోయేదేం లేదు, ఒక విస్తరి ఎక్కువ వేస్తాం. నేను ఈ మర్యాదని కంప్యూటర్లోకి తీసుకెళ్ళాను. యాదగిరి గ్రూపు లోపల మరో రెండు గ్రూపులున్నాయి. వాటి లోపల ఇంకో మూడు. ఎవరున్నారో నేను చూడలేదు. పిలిచినవాణ్ణి, నాకెందుకు?

అప్పటికీ ప్రమాదం లేదు. వాళ్ళంతా చూసేది సారాంశాలే. ప్రమాదం కేకు రూపంలో వచ్చింది. ఒక శుక్రవారం హాల్ గారు పిలిచి, కుటుంబాల ఫోల్డరు మరీ దూరంగా ఉంది, రెండు క్లిక్కులు ఎక్కువవుతున్నాయి, దాన్ని తెచ్చి సారాంశాల ఫోల్డర్లో పెట్టమన్నాడు. మళ్ళీ కాదని చెప్పలేదు. జరుపుతున్నాను. కంప్యూటరు ఒక ప్రశ్న అడిగింది: పై ఫోల్డరుకున్న అనుమతులే దీనికీ వర్తించాలా? సరిగ్గా అప్పుడే బ్రేక్ రూమ్ నుంచి పుట్టినరోజు పాట వినిపించింది. మా ఆఫీసులో కేకు ముక్కలు మూడు నిమిషాల్లో అయిపోతాయి. అవును అని కొట్టి పరిగెత్తాను.

అది చాక్లెట్ కేకు. అంచు ముక్క దొరికింది. ఆ క్షణం నుంచి, టెంప్‌లో ఉన్న ప్రతి మనిషికీ కుటుంబాల ఫోల్డరు తెరుచుకుంది. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

పద్నాలుగో కుటుంబం

కల్పన మా సంస్థలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసే ఉద్యోగం. గుంటూరు అమ్మాయి. H-1B మీద ఉండేది, గ్రీన్ కార్డు కాగితాలు నడుస్తున్నాయి. భర్తకి ఇంకా పని చేసే అనుమతి రాలేదు. ఆద్య అప్పుడు కిండర్‌గార్టెన్. ఇంటి మొత్తానికి ఈ దేశంలో ఆధారం కల్పన ఉద్యోగమే. అది పోతే, ఆ రోజుల్లో, వీసా కూడా దానితోపాటు పోయినట్టే.

ఆమె పాత ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఏదో తొందర పనికి నేనే ఆమెని టెంప్‌లో వేశాను. మరిచిపోయాను. ఒక మంగళవారం ఆమె సారాంశాల్లో ఏదో వెతుక్కుంటూ పక్కనే ఉన్న ఫోల్డరు క్లిక్ చేసింది. తెరుచుకుంది. తనకి అనుమతి ఉండబట్టే తెరుచుకుందనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. ఒక పట్టికలో తప్పు కనబడింది. పద్నాలుగో కుటుంబంలో పిల్లవాడు తల్లికన్నా ముందు పుట్టినట్టుంది. మంచి పిల్ల కదా, వెంటనే డాక్టర్ హాల్‌కి ఈమెయిల్ రాసింది: సార్, పద్నాలుగో కుటుంబంలో పుట్టిన సంవత్సరం తప్పుంది, దిద్దమంటారా?

హాల్ గారు ఎగిరిపడ్డాడు. తొమ్మిదిమంది చూడాల్సింది ఈ అమ్మాయి ఎలా చూసింది? ఎవరి పాస్‌వర్డో దొంగిలించి ఉంటుంది! ఎవరు ఏ ఫైలు తెరిచారో కంప్యూటరు మూడు నెలల చిట్టా దాస్తుంది. అందులో ఆ తొమ్మిదిమంది కాక ఉన్న పేరు ఒక్క కల్పనదే. గురువారం మీటింగు. అందులో ఆమెని తీసేయాలని నిర్ణయం, సంతకం ఒక్కటే తరువాయి.

కల్పన నా క్యూబికల్‌కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూర్తి గారూ, నేను ఎవరి పాస్‌వర్డూ వాడలేదండీ. క్లిక్ చేశాను, ఓపెన్ అయింది. అంతే."

"నాకు తెలుసమ్మా."

"తాళాలు చూసేది మీరే కదా. నాకు పర్మిషన్ ఉందో లేదో మీటింగ్‌లో మీరే చెప్పండి. మీరు చెబితే నమ్ముతారు. మా ఆయన అప్పుడే పెట్టెలు దింపి చూస్తున్నారండీ..."

"చూసి చెబుతా. నువ్వు ఇంటికెళ్ళు."

చూశాను. టెంప్ కనబడింది. ఆ పేరు చూడగానే కేకు రుచి నోట్లోకి వచ్చింది. ఆరోజు నుంచి ఇప్పటివరకూ చాక్లెట్ కేకు తినలేదు. (ఇది పచ్చి అబద్ధం, కానీ చివర్లో చెబుతానన్నది ఇది కాదు.)

అత్తయ్యగారి డబ్బాల పుస్తకం

కుటుంబాలకి సంగతి చెప్పాలి కదా, పెగ్గీ ఫోన్లు చేసింది. పద్నాలుగో కుటుంబం తల్లి ఆవిడని తిట్టలేదట, ఏడవలేదట. ఒకటే అడిగిందట: "మొత్తం ఎంతమంది చూడగలిగేవాళ్ళు?" ఆ సంఖ్య అప్పటికి ఎవరూ లెక్కపెట్టలేదు.

బుధవారం తలనొప్పి అని చెప్పి, గ్రూపుల జాబితాలన్నీ ప్రింటు తీసుకుని మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను. డైనింగ్ టేబుల్ మీద పరిచి గ్రూపులో గ్రూపు, అందులో గ్రూపు, ఉల్లిపాయ పొరల్లా ఒలుస్తూ కూర్చున్నాను. ఉల్లిపాయ చేసే పనే ఇదీ చేసింది. ఆ ఏడు మళ్ళీ మా దగ్గరకొచ్చిన అత్తయ్యగారు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఏంటి బాబూ అవన్నీ?"

"తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయో చూస్తున్నానండీ."

"ఇచ్చినప్పుడు రాసుకోలేదా?"

"ఇచ్చింది రాశానండీ. ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో రాయలేదు."

ఆవిడ లేచి వెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. అమెరికా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో జరిగే అతిపెద్ద నష్టం డబ్బాలు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుకి పప్పు పట్టుకెళ్తాం, మిగిలిన కూర ఇంకెవరికో ఇస్తాం, డబ్బా వెనక్కి రాదు. అత్తయ్యగారు ఈ అన్యాయాన్ని సహించలేదు. తెచ్చుకున్న స్టీలు డబ్బాల మీద మామయ్యగారి పేరు అప్పటికే చెక్కించి ఉంది. ఇక్కడికొచ్చాక పుస్తకం పెట్టారు. ఏ డబ్బా, ఎవరికి, అందులో ఏముంది, ఎప్పటికి తిరిగి రావాలి, వచ్చిందా? ఆఖరి గడిలో టిక్కు పడేదాకా ప్రతి ఆదివారం ఫోన్లు చేసేవారు. "అమ్మాయ్, గోంగూర అయిపోయిందా? డబ్బా ఖాళీయేనా మరి?" ఒకరు డబ్బాతో సహా దేశానికి అవతలి కొసనున్న రెడ్‌మండ్‌కి మారిపోతే, రాజమండ్రి వెళ్ళాక కూడా ఫోన్లు చేస్తూ ఏడాదిపాటు వెంటపడి, అటునుంచి వచ్చే ఎవరి సూట్‌కేసులోనో తెప్పించారు.

"వెనక్కి వచ్చే రోజు ముందే రాసుకోకపోతే, అది ఇచ్చినట్టు కాదు బాబూ, పారేసినట్టు" అని చిక్కుడుకాయల్లోకి వెళ్ళిపోయారు.

ఆ పూట మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. నూట అరవైమూడు. ఇదే ఆ సంఖ్య. దీన్ని నాలుగుతో భాగించకండి. తొమ్మిదిమంది మాత్రమే చూస్తారని మాట ఇచ్చిన ఫోల్డరు, నూట అరవైమూడు మందికి తెరిచి ఉంది. వాళ్ళలో ప్రింటరు అతను ఉన్నాడు. ఉద్యోగాలు మానేసి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. ఒకాయన ఏకంగా పైకే వెళ్ళిపోయాడు, అక్కడ నెట్ ఉంటే చదువుకోగలిగేవాడు.

గురువారం మీటింగు

పొడుగాటి టేబుల్. హాల్ గారు ఒక చివర. పెగ్గీ, క్యారెట్లు మరో చివర. నేను మధ్యలో, ఆ జాబితా మడిచి జేబులో పెట్టుకుని. కల్పనని బయట కారిడార్‌లో కూర్చోబెట్టారు.

హాల్ గారు మొదలుపెట్టాడు. నమ్మకం, నైతికత, దొంగిలించిన పాస్‌వర్డు. చివరికి "ఈమెని ఈ రోజే తీసేయడం తప్ప మార్గం లేదు" అన్నాడు.

అప్పుడు నేను లేచాను. కుర్చీ వెనక్కి పడింది. గదిలో గాలి ఆగిపోయింది. "డాక్టర్ హాల్," అన్నాను, కంఠం కంచులా మోగింది, "ఆ అమ్మాయి తలుపు పగలగొట్టలేదు. తలుపు తీసి పెట్టింది నేను. ఒక్క ఆమెకి కాదు, నూట అరవైమూడు మందికి! తీసేయాలంటే నన్ను తీసేయండి!" జాబితా తీసి టేబుల్ మీద విసిరాను. అది జారుకుంటూ వెళ్ళి సరిగ్గా హాల్ గారి ముందు ఆగింది. పెగ్గీ నమలడం ఆపింది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. కల్పన ఉద్యోగం నిలబడింది. టెంప్‌ని ఆ మధ్యాహ్నమే తుడిచేశారు. నన్ను తీసేయలేదు, ఆరు నెలలు తాళాల దగ్గరకి రానివ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళతో కలిపి ప్రాథమిక శిక్షణకి పంపారు. నా పక్కన కూర్చున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు "మీరు కూడా ఫ్రెషరా అంకుల్?" అని అడిగాడు. పద్నాలుగో కుటుంబం తల్లికి పెగ్గీ ఆ సంఖ్య చెప్పింది. ఆ కుటుంబం పరిశోధన నుంచి తప్పుకుంది. అది వాళ్ళ హక్కు. వాళ్ళ ఫోల్డరు తుడిచేసే పని నేనే అడిగి చేశాను. కోతలు కోయాలనిపించని పని నా ఉద్యోగంలో అదొక్కటే.

తాళాలు తిరిగి చేతికొచ్చాక పెగ్గీకి డబ్బాల పుస్తకం సంగతి చెప్పాను. ఆవిడ ఒక క్యారెట్ మొత్తం నమిలేదాకా ఆలోచించింది. అప్పటినుంచి మా సంస్థలో గడువు తేదీ లేకుండా ఎవరికీ తాళం లేదు. తేదీ దాటితే తలుపు దానంతట అదే మూసుకుంటుంది. కావాలంటే మళ్ళీ అడగాలి. గ్రూపులో గ్రూపు పెట్టాలంటే లోపల ఎందరున్నారో తల తలా లెక్కపెట్టి సంఖ్య రాయాలి. హాల్ గారికి కూడా అంతే. ఆయన మూడుసార్లు గడువు మరిచిపోయి బయట ఉండిపోయాడు. మూడుసార్లూ నేను కాదనే చెప్పాను, ఫారం నింపమన్నాను. నా జీవితంలో తీపి రోజులవి.

ఆద్యా, కొత్తగా వచ్చేవాళ్ళూ, వినండి. ఈ పనిలో తెలివి పెద్దగా అక్కర్లేదు. జాలిపడి తలుపు తీయడం తేలిక, ఆ పూటకి అందరూ మంచివాడంటారు. గుర్తుపెట్టుకుని మూయడమే ఉద్యోగం. నీ ఎదురుగా నిలబడి బతిమాలే మనిషి నీకు కనబడతాడు. ఫోల్డర్లో ఉన్న మనిషి కనబడడు, బతిమాలడు. నువ్వు పనిచేసేది ఆ రెండోవాడి కోసం. ఇంకోటి, ఎవరి పుట్టినరోజైనా సరే, కంప్యూటరు అడిగిన ప్రశ్న పూర్తిగా చదివాకే కేకు.

ఇక కోత సంగతి

ఇంతదాకా చదివి, కల్పించింది ఏదో మీరు పట్టేసే ఉంటారు. చనిపోయినాయన అనుకుంటున్నారా? నిజంగానే జాబితాలో ఉన్నాడు. ప్రింటరు అతనూ ఉన్నాడు. రెడ్‌మండ్ డబ్బా నిజం, ఇప్పటికీ అందులోనే కందిపొడి పోస్తాం. కేకు నిజం. గరాజ్ తలుపు నిజం.

నేను లేచి నిలబడటం అబద్ధం.

హాల్ గారు ఆ మాట అన్నాక నేను కదల్లేదు. జేబులో జాబితా ఉంది, దాని మీద చెయ్యి ఉంది. నాకు గ్రీన్ కార్డు అప్పటికే ఉంది, నాకు పోయేది ఉద్యోగం ఒక్కటే. ఆ అమ్మాయికి పోయేది అంతా. ఇది తెలిసి కూడా కూర్చున్నాను. సంతకానికి ముందు పదినిమిషాలు విరామం ఇచ్చారు. కారిడార్‌లో కల్పన ఉంటుందని, అటు వెళ్ళకుండా వెనక తలుపు నుంచి మంచినీళ్ళ కుళాయి దగ్గరకి పోయాను. దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూనే ఉన్నాను.

పెగ్గీ వచ్చింది. చేతిలో క్యారెట్లు లేవు.

"ఎంతమంది?" అంది.

"అంటే... చాలామందే, సుమారుగా..."

"సంఖ్య చెప్పు, మూర్తి."

పద్నాలుగేళ్ళలో ఆవిడ నా పేరు సరిగ్గా పలికింది ఆ ఒక్కసారే. చెప్పాను. "లోపలికి వెళ్ళి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది. వెళ్ళి చెప్పాను. కంచు కంఠంతో కాదు. నిలబడి కూడా కాదు, కూర్చునే చెప్పాను. జాబితా విసరలేదు, పెగ్గీ నా చేతిలోంచి తీసుకుని అందించింది.

బయటికొచ్చాక కల్పన నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే, నోటికి అలవాటైన పని నోరు చేసేసింది. లేచి నిలబడ్డానని చెప్పాను. కుర్చీ పడిందని చెప్పాను. ఆమె నమ్మింది. ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ పదిమందికి చెప్పింది. నేను పక్కన నిలబడి, అబ్బే అదేముందిలే అంటూ, ప్లేటులో ఇంకో గారె వేయించుకున్నాను.

ఆ రోజు పెగ్గీ కుళాయి దగ్గరికి రాకపోతే నేను చెప్పేవాణ్ణా? ఇక్కడ ఒక మంచి కోతకి చోటుంది. వదిలేస్తున్నాను. నాకు తెలియదు.

దీన్ని తెలుగులో ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమైందా ఆద్యా? నీకు చదవడం రాదు. మీ అమ్మే చదవాలి. మీ అమ్మ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు, ఇన్నేళ్ళూ రాలేదు.

కల్పనా, ఆపకమ్మా. పిల్ల వింటోంది. కుర్చీ పడలేదని చెప్పు.